కాలనీ నుంచి బడికి, బస్టాండుకి 600 మీటర్ల బాట: డబ్బు ఏ పద్దులోంచి తేవాలె?

కట్టమీది_బాట
తెలంగాణల ఓ జిల్లా కేంద్రం, మున్సిపాలిటీ. మూడు కాలనీలు చెరువుకి ఇటువైపు, హైస్కూలు, బస్టాండు అటువైపు. మెయిన్ రోడ్డు మీదుగా పోతే 2 కిలోమీటర్ల పైనే, అదీ లారీల నడుమ. కట్ట మీదుగా అయితే 600 మీటర్లు. పిల్లలు ఇప్పటికే కట్ట మీదనే నడుస్తున్నరు. వానకాలం బురద, పొద్దు గూకితే చీకటి, మత్తడి (అలుగు) దూకితే బాట బంద్. నడకకి, సైకిల్‌కి పనికొచ్చే బాట వెయ్యమని అర్జీ పెడితే "నిధులు లేవు" అని ఒక్కటే మాట. కౌన్సిలర్ ఎమ్మెల్యేని అడగమంటడు, అక్కడ అడిగితే ఇరిగేషన్ వాళ్ల దగ్గరికి పొమ్మంటరు. కాలనీలల్ల 340 ఇళ్లు ఉన్నయి, ఇంటికి 2,000 వేసుకుంటే 6 లక్షల 80 వేలు. దాంతోని పని మొదలుపెట్టొచ్చా? ఇంకో తొవ్వ ఉంటే చెప్పండి.

చందా_పుస్తకం
వేసుకోండి అన్నా. సర్కారు కోసం చూసుకుంట కూసుంటే ఆ పిల్లల చదువులే అయిపోతయి. 200 మీటర్లు వేసి చూపియ్యండి, మిగిలింది వాళ్లే వేస్తరు.

ఎంబుక్
చందాతో కట్టుబడి మాత్రం వద్దు. కట్ట ఇరిగేషన్ శాఖది. వాళ్ల అనుమతి లేకుండా దాని మీద పేవర్ (బాటకి పరిచే సిమెంటు ఇటుక) వేస్తే అది ఆక్రమణ కిందికి వస్తుంది. అనుమతితో వేసినా మున్సిపాలిటీ ఎం-బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) ఎక్కదు, ఆస్తుల రిజిస్టర్‌లో ఉండదు. రిజిస్టర్‌లో లేని దానికి రేపు రిపేరు ఎస్టిమేట్ వేసే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఉండడు. మంచినీళ్ల పైపు కోసం ఎవరైనా తవ్వితే పునరుద్ధరణ ఛార్జీ వసూలు చేసే హక్కు కూడా మీకుండదు.

డబ్బు సరిపోతుందేమో కూడా చూడండి. ఐఆర్‌సీ 103 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నడక బాటల ప్రమాణం) ప్రకారం ఫుట్‌పాత్‌కి ఏ అడ్డూ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు. 600 మీటర్లకి 1,080 చదరపు మీటర్లు. 200×100 మి.మీ. పేవర్లు చదరపు మీటరుకి 50 పడతాయి, అంటే 54,000. కోతలకి, విరుగుడికి 3 శాతం కలిపితే 55,600. కింద 150 మి.మీ. జీఎస్‌బీ (కంకర అడుగు పొర) 162 ఘనపు మీటర్లు, దానిపైన 30 మి.మీ. ఇసుక 32 ఘనపు మీటర్ల చిల్లర, రెండువైపులా కర్బు (అంచురాయి) 1,200 మీటర్లు. దీని మీద జీఎస్టీ 18 శాతం, లేబర్ సెస్సు 1 శాతం, సీనరేజి (ఇసుక, కంకర మీద సర్కారు రుసుము). మీ జిల్లా ఎస్ఎస్ఆర్ (సర్కారు రేట్ల పట్టిక) రేట్లు పెట్టి గుణిస్తే 6.8 లక్షలు ఎక్కడ ఆగిపోతాయో మీకే కనిపిస్తుంది. మత్తడి మీద వంతెన, లైట్లు ఇందులో లేవు.

ఓరుగల్లు_సైకిల్
సార్, 1.8 మీటర్లు నడకకే. ఆయన సైకిల్ కూడా అంటున్నడు కదా. రెండు దిక్కులా సైకిళ్లు పోవాలంటే 3 మీటర్లు కావాలె. కట్ట పైవెడల్పు ఎంతన్నా?

కట్టమీది_బాట
చాలామట్టుకు 4.2 మీటర్లు. తూము దగ్గర ఒక 40 మీటర్ల దూరం 3.6 మీటర్లే.

ఎంబుక్
అలాగైతే లెక్క మారుతుంది. తూముకీ మత్తడికీ ఇరిగేషన్ జీపు, జేసీబీ పోవాలి, ఆ దారి మూయనివ్వరు. మీ బాటే వాళ్ల సర్వీసు దారి కూడా కావాలి. 3 మీటర్ల వెడల్పు, అంచులు ఎత్తు లేకుండా నేలకి సమంగా, 2 శాతం వాటం. మొత్తం వాటం ఒకే వైపుకి పెట్టి ఆ నీళ్లని దిగువ వాలు మీదికి వదిలితే రెండు వానల్లో గండ్లు పడతాయి. ప్రతి 30 మీటర్లకీ ఒక చ్యూట్ (వాలు మీద నీళ్లు దించే గట్టి కాలువ) కట్టి దించండి.

పేవర్ మందం సంగతి. ఐఎస్ 15658 (పేవర్ల భారత ప్రమాణం) ప్రకారం బండ్లు తిరగని చోటికి 50 మి.మీ. ఎం-30 (కాంక్రీటు బలం గ్రేడు), తేలిక బండ్లకి 60 మి.మీ. ఎం-35, మధ్యస్థ రాకపోకలకి 80 మి.మీ. ఎం-40. జేసీబీ ఎక్కే చోట 60 వేస్తే మొదటి ఎండాకాలమే మధ్యలో కుంగుతుంది. 80 వేయండి. అప్పుడు 1,800 చదరపు మీటర్లు, పేవర్లు విరుగుడుతో 92,700, జీఎస్‌బీ 270, ఇసుక 54 ఘనపు మీటర్లు. తూము దగ్గర 3.6 మీటర్ల పైవెడల్పు మీద 3 మీటర్లు వేస్తే భుజాలు 30 సెంటీమీటర్లే మిగులుతాయి, అంచురాయి బయటికి జారుతుంది. అక్కడ 2.5కి తగ్గించండి.

చెరువుగట్టు
పేవర్ ఎందుకండీ అసలు? కట్ట మట్టి ఏటా కొంత కుంగుతుంది. రోలరుతో తొక్కించిన మొరం 150 మి.మీ. చాలు. ఖర్చు చాలా తక్కువ, ఇరిగేషన్ వాళ్లకీ అభ్యంతరం ఉండదు.

ఓరుగల్లు_సైకిల్
బంకమన్ను కలిసిన మొరం వానకి సబ్బు లెక్క జారుతది. ప్లాస్టిసిటీ ఇండెక్స్ (మట్టిల బంకతనం చెప్పే అంకె) 6 దాటకుండ ల్యాబ్ రిపోర్టు తీసుకుంటేనే మొరం పని చేస్తది. బడి పిల్లల సైకిళ్లకి వానకాలమే అసలు పరీక్ష.

చెరువుగట్టు
అందుకే రెండు దశలు అంటున్నాను. మొదటి ఏడాది మంచి మొరం, చ్యూట్లు, వంతెన, లైట్లు. ఒక వానాకాలం గడిచాక కుంగుబాటు తెలుస్తుంది, అప్పుడు పైపొర. డబ్బు కూడా రెండు ఆర్థిక సంవత్సరాల్లో సర్దుకుంటుంది.

ఎంబుక్
ఇది ఒప్పుకుంటాను. కొత్తగా మట్టి పోసి బలపరిచిన కట్ట అయితే ఇదే సరైన వరస. పాత కట్ట, గట్టిపడిన నేల అయితే ఒకేసారి వేయొచ్చు. తేల్చుకోవడానికి చెయినేజీ (మొదటి నుంచి కొలిచిన దూరం) ప్రకారం మూడు నాలుగు చోట్ల గుంట తీసి సాంద్రత పరీక్ష చేయిస్తే చాలు.

కౌన్సిల్_అజెండా
డబ్బు దగ్గరికి వద్దాం. "నిధులు లేవు" అన్న మాటకి కాగితం మీద అర్థం ఉండదు. ఏ పద్దులో లేవు అని అడగాలి. మున్సిపల్ బడ్జెట్ కాపీ సమాచార హక్కు కింద 30 రోజుల్లో ఇవ్వాలి. అందులో జనరల్ ఫండ్ మిగులు, ఆర్థిక సంఘం గ్రాంటు, గ్రీన్ బడ్జెట్ విడివిడిగా కనిపిస్తాయి. తరవాత పనిని ముక్కలుగా చూడండి, ఒక్కో ముక్కకి ఒక్కో పద్దు సరిపోతుంది.

బాట పైపొర: ఎంపీ లాడ్స్ (ఎంపీ సిఫారసు చేసే స్థానిక అభివృద్ధి నిధి) లేదా ఎమ్మెల్యే సీడీపీ (నియోజకవర్గ అభివృద్ధి నిధి). ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. లోక్‌సభ సభ్యుడు తన నియోజకవర్గంలో, రాజ్యసభ సభ్యుడు ఎన్నికైన రాష్ట్రంలో ఎక్కడైనా పని సిఫారసు చేయొచ్చు, కాబట్టి లోక్‌సభ ఎంపీ దగ్గర కోటా అయిపోతే అంతటితో ఆగకండి. 15 శాతం ఎస్సీ, 7.5 శాతం ఎస్టీ జనాభా ఉన్న ప్రాంతాల పనులకి పెట్టాలి. మీ మూడు కాలనీల్లో అలాంటిది ఉంటే అర్జీ మొదటి పేరాలోనే రాయండి. ఎంపీ సిఫారసు మాత్రమే చేస్తారు, మంజూరు కలెక్టరుది, ఫైలు తిరిగేది సీపీఓ (జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి) ఆఫీసులో. చాలామంది ఎంపీ లెటరు తెచ్చుకుని పనైపోయిందనుకుంటారు. లెటరుకి ఎస్టిమేట్, స్థలం ప్రభుత్వానిదేనన్న కాగితం, నిర్వహణ మాదేనన్న మున్సిపాలిటీ ఒప్పుకోలు జతచేయకపోతే అది సీపీఓ టేబుల్ మీదే పడుంటుంది.

ఆర్థిక సంఘం గ్రాంటు: 10 లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకి 15వ సంఘం ఇచ్చిన దాంట్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేశారు, 40 శాతమే స్వేచ్ఛగా వాడుకునేది. ఆ 40 కోసం ప్రతి వార్డూ పోటీ పడుతుంది. దాని కాలం 2026 మార్చి 31 వరకే. తర్వాతి ఏళ్ల పనులకి 16వ సంఘం షరతులు చదువుకోవాలి.

చెట్లు: 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి ఉంచాలి. నీడ ఖర్చు అందులోంచే తీయించండి, బాట ఎస్టిమేట్‌లో కలపకండి.

చెరువుగట్టు
చెట్లు కట్ట మీద గానీ వాలు మీద గానీ వద్దే వద్దు. పెద్ద చెట్టు చచ్చి వేరు కుళ్లితే ఆ సందులోంచి నీరు దారి చేసుకుంటుంది. నీడ కావాలంటే కాలనీ చివర నుంచి కట్ట ఎక్కే ర్యాంపు వరకు, ఆ వైపు బడి గోడ వెంబడి పెట్టండి.

వార్డు_టీచరమ్మ
ఒక పనిని నాలుగు పద్దుల్లో పెడితే ఆడిట్‌లో పని విడగొట్టారని రాయరా?

కౌన్సిల్_అజెండా
మంచి ప్రశ్న మేడం. ఒకే రకం పనిని, అంటే పేవర్ 0 నుంచి 200 మీటర్లు ఒకటి, 200 నుంచి 400 ఇంకొకటి అని టెండరు పరిమితి కింద పడేలా కోస్తే ఆడిట్ అభ్యంతరం ఖాయం. బాట ఒక పని, వంతెన ఒక పని, విద్యుత్తు ఒక పని అంటే అవి వేరే వేరే పనులే, లైసెన్సులు కూడా వేరు. అన్నిటికీ కలిపి ముందు ఒకే మాస్టర్ ఎస్టిమేట్ వేయించి, దాంట్లో భాగం 1, భాగం 2 అని చూపించండి. ఆ కాగితం ఉంటే అడిగేవాళ్లు ఉండరు.

లెక్కల_సంచి
దుమ్ము పద్దు మర్చిపోకండి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో రోడ్డు దుమ్ము తగ్గించే పనులకి డబ్బు ఇస్తారు. రోడ్డు అంచు నుంచి ప్రహరీ వరకు మట్టి కనపడకుండా చదును చేయడం, భుజాలు పచ్చగా చేయడం ఆ జాబితాలో ఉన్నవే. తెలంగాణలో హైదరాబాద్, నల్లగొండ, సంగారెడ్డి దగ్గర పటాన్‌చెరు ఉన్నాయి. ఆంధ్రలో విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలుతో మొదలై మరికొన్ని పట్టణాలు చేరాయి. మీ ఊరు జాబితాలో ఉంటే కాలనీ నుంచి కట్ట దాకా ఉన్న మట్టి రోడ్డు పక్కని ఆ పేరుతో అడగొచ్చు. కట్ట మీది బాటకి మాత్రం ఆ వాదన నిలవదు.

బెజవాడ_కాలవగట్టు
మా దగ్గరా ఇదే తంతు. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ గట్లన్నీ జలవనరుల శాఖవి, పైన తిరిగే జనం కార్పొరేషన్ వాళ్లు. గట్టు మీద ఏ పనికైనా ముందు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), తర్వాతే డబ్బు మాట. కేంద్రం పెట్టిన స్ట్రీట్స్ ఫర్ పీపుల్ పోటీలో గెలిచిన 11 నగరాల్లో విజయవాడ ఉంది. అలాంటి పోటీలకి చిన్నగా, తాత్కాలికంగా చేసి చూపించిన పని, దాని ముందూ తర్వాతా లెక్కలు అడుగుతారు. మీరూ ఆ లెక్కలు ఇప్పుడే తీసి పెట్టుకోండి.

ఓరుగల్లు_సైకిల్
2020ల వచ్చిన సైకిల్స్ ఫర్ చేంజ్ పోటీల కూడా గెలిచిన 11 నగరాలల్ల వరంగల్ ఉన్నది, కోటి రూపాయల బహుమతి. భద్రకాళి బండ్ అయితే కేంద్రం పెట్టిన వారసత్వ నగరాల పథకం హృదయ్ కిందికి వచ్చింది, అది 2015ల మొదలై 2019ల ముగిసింది. చెప్పొచ్చేదేందంటే, పథకాల పేర్లు మారుతుంటయి, స్మార్ట్ సిటీ మిషన్ కూడా 2025 మార్చి 31తోని బంద్ అయింది. కొత్తది తెరిచినప్పుడు చేతిల డ్రాయింగు, ఎన్‌ఓసీ, లెక్కింపు ఉన్న ఊరికే పైసలు వస్తయి. ఆ ఫైలు తయారు చేసుటానికే మీ చందా పెట్టండన్నా.

కట్టమీది_బాట
ఫైలుకి ఏమేం కావాలె? ఎంతమంది నడుస్తున్నరో ఎట్ల లెక్కపెట్టాలె?

ఓరుగల్లు_సైకిల్
పొద్దుగాల 6 నుంచి సాయంత్రం 6 దాకా, కట్ట రెండు మొనల దగ్గర ఇద్దరిద్దరు. 15 నిమిషాలకి ఒక వరుస. కాలమ్స్: నడక మగ, నడక ఆడ, యూనిఫాం పిల్లలు, సైకిల్, తోపుడు బండి, బైకు. ఒక పని రోజు, ఒక సంత రోజు. అదే రోజు మెయిన్ రోడ్డు మీద గూడ లెక్కపెట్టాలె, బాట వస్తే అటు నుంచి ఇటు మళ్లేది వాళ్లే. బడి హెడ్‌మాస్టర్‌తోని ఏ కాలనీ నుంచి ఎంతమంది పిల్లలో రాయించుకోండి, స్టాంపుతో. సీపీఓ ఆఫీసుల ఆ ఒక్క కాగితానికి మస్తు విలువ.

ఎంబుక్
సర్వే కూడా. టోటల్ స్టేషన్‌తో (సర్వే యంత్రం) ప్రతి 20 మీటర్లకి అడ్డకోత లెవెళ్లు, అంటే 31 కోతలు. ప్రతి దాంట్లో పైవెడల్పు, రెండు వాలులు, తూము, మత్తడి, స్తంభాలు, చెట్లు గుర్తించాలి. దానిమీద ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) గీత వేయించండి. మీ చెరువుని మిషన్ కాకతీయలో మినీ ట్యాంక్‌బండ్‌గా తీసుకుని ఉంటే లెవెళ్లు, డ్రాయింగు ఇరిగేషన్ డీఈ (డిప్యూటీ ఇంజినీరు) దగ్గర ఉంటాయి, మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు.

కట్ట ఎక్కే రెండు చివర్ల భూమి అసలు చిక్కు. నక్షాలో (రెవెన్యూ మ్యాపు) బాట ఉందా లేదా చూడండి. ఆమోదం పొందిన లేఅవుట్ రోడ్డు అయితే మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ అయి ఉంటుంది. అనుమతి లేని లేఅవుట్ అయితే ఆ రోడ్డు కాగితం మీద ఇంకా పట్టాదారుదే, దాని మీద ప్రజాధనం పెట్టకూడదు. ఆ చివరి 25 మీటర్ల గిఫ్ట్ డీడ్ లేక మధ్యలో ఆగిన బాటలు చాలా ఉన్నాయి.

చందా_పుస్తకం
అంటే ఉన్న 6.8 లక్షల్లో కాగితాలకే పెట్టుడా? జనం ఒప్పుకోరన్నా. కళ్ల ముందర ఏదన్నా కనపడాలె.

ఎంబుక్
మొత్తం పెట్టనక్కర్లేదు. సర్వే, డ్రాయింగు, మట్టి పరీక్ష, వంతెన డిజైను వరకే. మిగిలింది బ్యాంకులో ఉంచి, రేపు ఏదైనా పద్దు కింద స్థానిక వాటా అడిగితే చూపించండి. కళ్ల ముందు కనపడాలంటే మున్సిపాలిటీ అనుమతితో కాలనీ వైపు దారి చివర గుంతలు పూడ్చి, ఒక బోర్డు పెట్టండి: ఇక్కడి నుంచి బడికి 600 మీటర్లు అని.

వార్డు_టీచరమ్మ
ఆ బోర్డు నాకు నచ్చింది. పిల్లలతోనే రాయించండి.

సీఎస్ఆర్_చిట్టా
కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) డబ్బు గురించి ఎవరూ ఎత్తలేదు. కంపెనీల చట్టం సెక్షన్ 135: నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. మీ కాలనీ సంఘం ఆ డబ్బు నేరుగా తీసుకోవడం కష్టం. సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ నమోదు, మూడేళ్ల అనుభవం ఉండాలి. సొంత సభ్యుల మేలు కోసం పెట్టిన సంఘానికి 80జీ మామూలుగా రాదు. కంపెనీ తనే పని చేయించి మున్సిపాలిటీకి అప్పగించేలా ముగ్గురి మధ్య ఎంఓయూ రాసుకోండి. ఆస్తి ప్రభుత్వ సంస్థ పేర ఉండడం సీఎస్ఆర్ నిబంధనలకీ సరిపోతుంది.

అడిగే వేళ ముఖ్యం. మార్చిలో పోతే ఏం లాభం లేదు. బోర్డు వార్షిక కార్యాచరణ పెట్టుకునే ముందు, ఏప్రిల్ లోపు ఒకసారి, అక్టోబరులో మిగులు చూసుకునేటప్పుడు ఒకసారి కలవండి. రెండేళ్లు పట్టే పనైతే "కొనసాగే ప్రాజెక్టు" అని రాయించండి, ఖర్చు కాని డబ్బు ప్రత్యేక ఖాతాలో పడి తర్వాతి మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాడుకోవచ్చు. ఆ కంపెనీ గేటు దాకా మాత్రమే పోయే బాట అయితే అడగకండి, సొంత ఉద్యోగుల మేలు కిందికి వెళ్తుంది.

టెక్సస్_తొవ్వ
ఇక్కడ అమెరికాలో ట్రాన్స్‌పోర్టేషన్ ఆల్టర్నేటివ్స్ అని ఫెడరల్ పద్దు ఉంది, 2012 చట్టంతో వచ్చింది. మామూలుగా ఫెడరల్ 80, స్థానికం 20. డబ్బు ముందుగా ఇవ్వరు, నగరమో కౌంటీయో ఖర్చుపెట్టి బిల్లు పెడితే తిరిగి వస్తుంది. అందుకే చిన్న ఊళ్లు 20 శాతం కన్నా చేతిలో తిప్పుకునే డబ్బు లేక వెనక్కి తగ్గుతాయి. మీ దగ్గర కాంట్రాక్టరు బిల్లు ఆలస్యం అయ్యేదీ ఇలాంటి చోటేనా?
ఇంకో మాట, ఊరి నుంచి వచ్చినవాళ్లం ఇక్కడ చాలామంది ఉన్నాం, పంపమంటే పంపుతారు.

సీఎస్ఆర్_చిట్టా
పంపే ముందు పాస్‌పోర్టు చూసుకోమనండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపింది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేని కాలనీ సంఘం అది ముట్టకూడదు. అందరిదీ ఒకే ఖాతాలో కలిపితే సంఘం కార్యదర్శి మెడకి చుట్టుకుంటుంది.

ఎంబుక్
టెక్సస్ గారు, బిల్లు ఆలస్యం ఇక్కడా అసలు జబ్బే. అందుకే పద్దు ముందే జమ అయి ఉన్న పనికి టెండరు పలుకుతుంది, జనరల్ ఫండ్ పనికి పలకదు. కాంట్రాక్టర్లు ఆ తేడా చూసే రేటు వేస్తారు.

కొత్తిమీర_కట్ట
మత్తడి మీద వంతెన పడితే పెళ్లి ఫొటోలకి ఊరంతా క్యూ కడుతుంది. దానికీ వెడల్పు పెంచుకోండి!

కట్టమీది_బాట
నవ్వొచ్చింది గానీ ఆ వంతెనే నాకు భయం. మత్తడి 18 మీటర్లు.

ఎంబుక్
మధ్యలో స్తంభం లేకుండా 18 మీటర్ల ఉక్కు ట్రస్, రెండువైపులా గోడలు మత్తడికి బయట. పట్టణంలో జనం గుమిగూడే వంతెనకి చదరపు మీటరుకి 500 కిలోల భారం తీసుకోవాలి. 2.5 మీటర్ల వెడల్పుతో 45 చదరపు మీటర్లు, 22.5 టన్నులు. కొత్తిమీర గారి పెళ్లిళ్లకి సరిపోతుంది. గరిష్ఠ వరద మట్టం మీద ఎంత ఖాళీ వదలాలో ఇరిగేషన్ వాళ్లే రాసివ్వాలి. రెయిలింగ్ నడకకి 1.1 మీటర్లు చాలు. సైకిల్ మీద మనిషి ఎత్తులో ఉంటాడు కాబట్టి 1.4 పెట్టించండి. ఖర్చు తగ్గుతుందని మత్తడిలో తూములు పెట్టి కాజ్‌వే కట్టడానికి ఒప్పుకోకండి. చెత్త అడ్డం పడితే నీరు వెనక్కి తన్ని కట్టకే ముప్పు. ఈ ముక్క ఎమ్మెల్యే సీడీపీకి విడిగా పెట్టండి. ఒకే వస్తువు, శిలాఫలకానికీ చోటుంటుంది, ప్రజాప్రతినిధులు దీన్ని ఇష్టంగా తీసుకుంటారు.

సమాన_బాట
ఇంతసేపూ కట్ట ఎక్కే ర్యాంపు వాలు ఎవరూ చెప్పలేదు. 12కి 1. కట్ట 3 మీటర్ల ఎత్తు ఉంటే 36 మీటర్ల ర్యాంపు, మధ్యలో ఆగే చదును చోట్లు కలిపితే ఇంకా పొడవు. ఎస్టిమేట్‌లో ఇది లేకపోతే చివర్లో నిటారు ర్యాంపు పోసి పని ముగించేస్తారు. చక్రాల కుర్చీయే కాదు, సైకిల్ తోసుకుపోయే ముసలాయన కూడా అక్కడే ఆగిపోతాడు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది, డ్రాయింగు మీద ఆ మాట రాసి సంతకం అడగండి.

చందా_పుస్తకం
బైకులు ఎక్కకుండ రెండు మొనలకి జిగ్‌జాగ్ గేటు పెట్టాలె, లేకుంటే నెలకే అది బైకుల రోడ్డయితది.

సమాన_బాట
జిగ్‌జాగ్ గేటులో చేత్తో తొక్కే మూడు చక్రాల సైకిల్ తిరగదు. బైకు హ్యాండిల్ చక్రాల కుర్చీ కన్నా పెద్ద వెడల్పేమీ కాదు, కాబట్టి సందు కొలతతో బైకుని ఆపి కుర్చీని వదలడం కుదరదు. బొల్లార్డుల మధ్య 1.2 మీటర్లు ఉంచండి, కార్లు, ఆటోలు ఆగుతాయి.

చందా_పుస్తకం
మరి బైకులు?

ఓరుగల్లు_సైకిల్
రెండు మొనల దగ్గర 10 మీటర్లు గరుకు రాయి, మెల్లగ వంపు తిరిగే ప్రవేశం, బడి వేళల ఒక హోంగార్డు. మొత్తం ఆగవు, తగ్గుతయి. జేసీబీ కోసం నడిమి బొల్లార్డు తాళం తీసేది పెట్టి, తాళంచెవి ఇరిగేషన్ ఏఈ దగ్గర ఒకటి, మున్సిపాలిటీల ఒకటి.

చందా_పుస్తకం
హోంగార్డు జీతం ఏ పద్దు? అందుకే గేటు అంటున్న. నేనైతే ఇంకా గేటే అంటా.

లెక్కల_సంచి
హోంగార్డు సంగతి కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా రోడ్డు భద్రతా కమిటీలో పెట్టండి, పోలీసులు అక్కడే ఉంటారు. బస్టాండు దగ్గర మెయిన్ రోడ్డు దాటే చోటు కూడా అక్కడే తేలాలి. ఆ రోడ్డు ఆర్ అండ్ బీది అయితే ఎత్తు క్రాసింగ్ అడగొచ్చు, జాతీయ రహదారి అయితే వాళ్ల దారి వేరు. 2025 మే 14న సుప్రీంకోర్టు నడిచే వాళ్ల ఫుట్‌పాత్ హక్కు 21వ అధికరణలో భాగమని చెప్పింది, అర్జీలో ఆ తేదీ రాయండి.

తోపుడు_బండి
బస్టాండు మొనన పండ్ల బండ్లున్నాయని ఈ పని పేరు చెప్పి లేపేయకండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ చూడాలి, మార్చాలంటే 30 రోజుల నోటీసు. బండ్లున్న చోట రాత్రి ఏడున్నరకి కూడా ఆడపిల్లలు ధైర్యంగా నడుస్తారు. ప్రవేశం దగ్గర 2 మీటర్ల వెడల్పు విడిగా చదును చేసి వాళ్లకి ఇవ్వండి, నడిచే వెడల్పు వదిలి.

వార్డు_టీచరమ్మ
ఇది వందశాతం నిజం. లైట్ల మాట కూడా చెప్పండి ఎవరైనా.

బెజవాడ_కాలవగట్టు
5 మీటర్ల స్తంభం, 20 మీటర్లకి ఒకటి, మీ 600కి 31. సోలార్ అయితే బ్యాటరీ పెట్టె స్తంభం పైన ఉండాలి, కింద పెడితే ఎత్తుకుపోతారు. కరెంటు లైను దగ్గర్లో ఉంటే మామూలు ఎల్‌ఈడీయే మేలు, బాగుచేసే మనిషి మున్సిపాలిటీలో ఉంటాడు. స్తంభం పునాది కట్ట మధ్యలో తవ్వనివ్వకండి, ఎక్కడ తవ్వాలో ఎన్‌ఓసీలోనే రాయించండి. పేవర్ వేసేముందు ప్రతి 50 మీటర్లకి అడ్డంగా 110 మి.మీ. పైపు పాతేయండి, మొత్తం 13. రేపు కేబుల్ వాడు పేవర్ పీకడు.

కౌన్సిల్_అజెండా
పైపు కూడా తవ్వకమే, కట్ట మీద అడ్డంగా అయితే లోతు జీఎస్‌బీ దాటకూడదని ఇరిగేషన్ షరతు పెడుతుంది, చూసుకోండి.
కౌన్సిల్ తీర్మానంలో మూడు మాటలు ఉండాలి: బాటని ఆస్తుల రిజిస్టర్‌లో చేర్చుకుంటాం, నిర్వహణ జనరల్ ఫండ్‌లోంచి, ఇరిగేషన్ కట్ట రిపేరుకి తీస్తే మళ్లీ వేసే ఖర్చు ఎవరిది. మూడోది రాయకపోతే మొదటి గండికే రెండు ఆఫీసుల మధ్య లెటర్లు నడుస్తాయి. టెండరులో లోపాల బాధ్యత రెండేళ్లు రాయించి, ఇసుక మళ్లీ నింపడం, కుంగిన పేవర్ ఎత్తి వేయడం పేరుపెట్టి చేర్చండి. ఎఫ్ఎస్‌డీ (కాంట్రాక్టరు బిల్లులోంచి పట్టి ఉంచే డిపాజిట్) తిరిగి ఇచ్చే ముందు వార్డు కమిటీతో నడిచి చూశాకే అని ఒక వాక్యం.

కట్టమీది_బాట
ఇరిగేషన్ డీఈ వచ్చే వారం జాయింట్ ఇన్‌స్పెక్షన్‌కి వస్తా అన్నడు, మున్సిపల్ ఏఈ కూడా. ఆరోజు ఏం పట్టుకపోవాలె?

ఎంబుక్
30 మీటర్ల టేపు, నక్షా కాపీ, ఎఫ్‌టీఎల్ మ్యాపు, సున్నం. 0 చెయినేజీ ఎక్కడో ముందు ఇద్దరితో ఒప్పించి సున్నంతో గుర్తు పెట్టండి, లేకపోతే ఒకరు కాలనీ వైపు నుంచి, ఒకరు బడి వైపు నుంచి కొలుస్తారు. తూము, మత్తడి, ఇరుకు చోటు, రెండు ర్యాంపుల చెయినేజీలు పంచనామాలో అంకెలతో రాయించి అక్కడే ఇద్దరి సంతకాలు తీసుకోండి. ఆఫీసుకి పోయి పంపిస్తాం అంటే వద్దనండి. కార్బన్ కాగితం వేసి రెండో కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

సమాన_బాట
ర్యాంపు దగ్గర కట్ట ఎత్తు కూడా ఆ రోజే కొలవండి. ఆ అంకె లేకుండా డ్రాయింగు మొదలవదు.